కళ్ళు మూసుకుని కొట్టిన చప్పట్లు

“లోపల కళ్ళు తిరిగి పడిపోయిందేమో! తలుపు తడితే పలక్కపోతేనో? గడియ పగలగొట్టాలంటే ఎవర్ని పిలవాలి? పిలిచి, వాడొచ్చేసరికే ఆలస్యమైపోతేనో?”

అమ్మోగారు ఈ మాటలన్నీ కుట్టుమిషనుతో అంది. గదిలో అప్పటికింకా వేరే మనిషి లేడు మరి. మిషను ఏమీ అనలేదు గానీ, పైగదిలోంచి కూతురు దగ్గిన చప్పుడు మాత్రం వినబడింది. దగ్గింది కాబట్టి క్షేమంగానే ఉంది. కానీ దగ్గింది కాబట్టి ఏదో జబ్బు చేసే ఉంటుంది. ఒక భయం మెట్లు దిగేలోగా ఇంకో భయం మెట్లెక్కి కూర్చుంది.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. కరెంటు పోతే అమ్మో అంటుంది, వస్తే అమ్మో అంటుంది. అలా అమ్మోగారైపోయింది.

కిందటి వారం ఈ ఇంటిని ఎంత రభసలో వదిలి వెళ్ళామో గుర్తు చేసుకుంటే తప్ప ఈ దగ్గు సంగతి అర్థం కాదు.

అమ్మోగారిది మేడమెట్ల పక్కన కుట్టుగది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, కోట్లు వదులు చెయ్యడం, కర్టెన్లకి అంచులు కుట్టడం ఆవిడ పని. ఒక్కతే కూతురు. పగలంతా జిరాక్సు షాపులో నిలబడి ఎవరెవరి కాగితాలకో నకళ్ళు తీస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుందంటే మాత్రం వేరే మనిషి. గుప్పెట్లో నాణెం మాయమవుతుంది. రుమాలు తాడవుతుంది. వేసిన ముడి వేసినట్టే ఉండి, విప్పకుండానే విడిపోతుంది. వారానికో మ్యాజిక్కు చేసి, ఫోన్లో తీసి, లోకం మీదికి వదులుతుంది.

మొదటి వీడియో లోకం మీదికి వెళ్ళింది గానీ లోకం దానివైపు కన్నెత్తి చూడలేదు. ఆ పూట పిల్ల కంచం ముందు కూర్చుని వేలితో గీతలు గీసింది. అమ్మోగారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్ల తిండి మానేస్తుంది, నీరసిస్తుంది, తూలి జిరాక్సు మిషను మీద పడుతుంది, మిషను ముఖాన్నే నకలు తీసి ఇస్తుంది... ఇంతదాకా ఊహించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పైన అద్దెకుండే అమ్మాయి నోరు విప్పింది. మెదడు గురించి ఏదో పెద్ద చదువు చదువుతోంది, అందుకని అందరికీ మెదడమ్మాయి. “మెదడులో బాగా అడుగున ఒక చిన్న చోటుంటుంది ఆంటీ. ఆకలి మీద తిండి దొరికితే అక్కడ కదలిక వస్తుంది. డబ్బొచ్చినా వస్తుంది. విచిత్రం ఏమిటంటే, నలుగురూ మెచ్చుకున్నా ఇంచుమించు అక్కడే వస్తుంది. కాకపోతే...” అని ఇంకేదో చెప్పబోతుండగా వంటింట్లో పాలు పొంగాయి. అమ్మోగారు లేచి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మాటలు ఇంకో దారి పట్టాయి. అలా ఆవిడకి శాస్త్రం సగమే చేతికందింది. సగం చాలదా ఒక తల్లికి? మర్నాడే వైద్యం మొదలుపెట్టేసింది.

అమ్మోగారి దగ్గర కాజాలు కుట్టే ఆవిడ ఫోన్లో దొంగపేర్లు పుట్టుకొచ్చాయి. అమ్మోగారి భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన డిపోలో తోటివాళ్ళని బతిమాలి చేర్పించాడు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ “ఆ బొటనవేలి బొమ్మ ఒక్కసారి నొక్కి వెళ్ళు నాయనా, రేపటికల్లా కుట్టి ఇచ్చేస్తాను” అని బేరం. అందరూ రాయాల్సిన మాట కూడా ఆవిడే చెప్పింది, తప్పులు రాస్తారని భయపడి. “అద్భుతం తల్లీ! ఎలా చేశావో అర్థం కాలేదు.”

పిల్ల ముఖం విప్పారింది. కంచం ఖాళీ అయింది. పెద్దవీధి నాటకాల హాలు మేనేజరు ఆ చప్పట్ల మోత చూసి, ఆదివారం నాటకానికి ముందు అరగంట వేదిక ఇస్తానని కబురు కూడా పెట్టాడు.

అంతా పాడు చేసింది గొంతునొప్పి. “గొంతు బాగాలేదండీ, ఈ వారం మ్యాజిక్కు లేదు, ఏమీ అనుకోకండి” అని పిల్ల ఒక చిన్న వీడియో పెట్టింది. దాని కింద బారులు తీరి జనం: “అద్భుతం తల్లీ! ఎలా చేశావో అర్థం కాలేదు.” “అద్భుతం తల్లీ! ఎలా చేశావో అర్థం కాలేదు.” మధ్యలో మెలితిప్పిన మీసాల ఫొటోతో ఒక మిలిటరీ పెద్దమనిషి: “చెవులకి గుడ్డ చుట్టుకో, చల్లనివి ముట్టుకోకు, ఫ్యాను కింద పడుకోకు.” ఈ మూడు ముక్కలూ ఒకే ఊపిరిలో అనే మనిషి భూమ్మీద ఒక్కరేనని ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు.

కిందటి వారం మనం అక్కడ ఆగాం. ఆ రోజునుంచి ఇప్పటిదాకా కూతురు తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. భోజనాల దగ్గర “నాన్నా, ఉప్పు ఇమ్మని చెప్పు” అంటుంది. ఉప్పు అమ్మోగారి చేతిలోనే ఉంటుంది. ఆయన ఆ చేతిలోంచి తీసుకుని ఈ చేతిలో పెడతాడు, బస్సు నడిపినంత శ్రద్ధగా, అటూ ఇటూ చూడకుండా.

మాట్లాడకపోతే పోనీ. అమ్మోగారిని నిలువునా కోసేసింది పిల్ల చేతులు. ఇదివరకు తింటున్నా, నడుస్తున్నా, బస్సు కోసం నిలబడ్డా ఆ వేళ్ళ మధ్య ఏదో ఒక నాణెం దొర్లుతూ ఉండేది. ఇప్పుడా చేతులు కడిగి బోర్లించిన గిన్నెల్లా బల్లమీద పడి ఉంటున్నాయి.

హాలు మేనేజరుకి ఇవాళ సాయంత్రం ఆరులోగా అవుననో కాదనో చెప్పాలి. చెప్పకపోతే ఆ అరగంట ఇంకెవరికో ఇచ్చేస్తాడు. కాదంటే ఏముంది, పిల్ల జన్మంతా నకళ్ళు తీసుకుంటూ, ఆ చేతులు అలాగే బోర్లించుకుని బతుకుతుంది. వేదికెక్కితే ఏమవుతుందోనని ఇన్నాళ్ళూ హడలి చచ్చిన మనిషి, ఇప్పుడు ఎక్కకపోతే ఏమవుతుందోనని హడలి చస్తోంది.

మధ్యాహ్నం దాటేసరికి కుట్టుగది నిండింది. కాజాలావిడ కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుంది. తెగిన సంచి పిడి కుట్టించుకోవడానికి మెదడమ్మాయి వచ్చింది. ఆ వెనకే వదినగారు దిగింది. ఆవిడ అమ్మోగారి భర్తకి అక్క. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైంది. ఇప్పటికీ ఎవరింటికొచ్చినా గుమ్మంలో నిలబడి లోపలివాళ్ళందర్నీ ఒకసారి పైనుంచి కిందికి చూస్తుంది, ఎవరు టికెట్టు లేకుండా కూర్చున్నారో అన్నట్టు. కోటుకి గుండీలు మార్పించుకోవడం ఆవిడ పని.

ఆ సమయంలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. షాపుకి సెలవు పెట్టిన కూతురు వారం తర్వాత మొదటిసారి కుట్టుగదిలోకి వచ్చింది. చంకలో మ్యాజిక్కు సామాను దాచుకునే రేకుపెట్టె.

తల్లి పక్కనుంచే నడిచి వెళ్ళి, పెట్టె తెరిచి, రంగురంగుల పట్టు రుమాళ్ళన్నీ కాజాలావిడ ఒళ్ళో కుమ్మరించింది.

“ఇవి కోట్లకి లైనింగుగా పనికొస్తాయేమో కనుక్కో పిన్నీ.”

“అమ్మో! అవి నీ రుమాళ్ళు కదే!” అంది అమ్మోగారు.

“ఇకనుంచి కావని చెప్పు పిన్నీ.”

కాజాలావిడ ఇటు తిరిగింది. “ఇకనుంచి కావట అక్కా.”

“విన్నాను! నాకేం చెవుడా?”

కాజాలావిడ అటు తిరిగింది. “విన్నదట. చెవుడు లేదట.”

“నీకెవరు చెప్పమన్నారే ఇది?”

“ఇటునుంచి అటు మాత్రమేనా, అటునుంచి ఇటు కూడానా? ముందే చెప్తే బాగుండేది కదక్కా,” అంది కాజాలావిడ నొచ్చుకుంటూ.

వదినగారు ఉన్న ఒక్క కుర్చీలో స్థిరపడింది. “ఏమిటీ గోల? పెదవులు కదులుతున్నాయి కదా ఇద్దరికీ. నేరుగా మాట్లాడుకుంటే పళ్ళు రాలతాయా?”

కూతురు వినిపించుకోలేదు. ఫోను బయటికి తీసి, పేర్లు చదవడం మొదలుపెట్టింది. “గులాబీపువ్వు ఎవరో అడుగు పిన్నీ.”

కాజాలావిడ ఈసారి ఎవర్నీ అడగలేదు. “అది నేనే తల్లీ.”

“వెన్నెలరాత్రి?”

“మీ నాన్న.”

మెదడమ్మాయి ఫక్కున నవ్వి, అరచేత్తో నోరు మూసుకుంది. వదినగారు మాత్రం నవ్వలేదు. “వాడు చిన్నప్పుడూ అంతే,” అంది.

“మిలిటరీ ఆయన?”

“ఫొటో మా పెదనాన్నది. మాటలు మాత్రం అక్కవి. ఆయన చెవులకి గుడ్డ చుట్టుకునే రకం కాదు పాపం,” అంది కాజాలావిడ.

కూతురు ఫోను దించింది. గొంతు మారింది. “సరే. ఇంకొక్కటి అడుగు. దీనికి మాత్రం నిజం చెప్పమను. కుర్చీ కూడా మీదేనా?”

ఈ కుర్చీ ఎవరో చెప్పాలి. దానికి పేరు లేదు. ముఖం ఉండవలసిన చోట ఖాళీ కుర్చీ బొమ్మ ఒకటి ఉంటుంది. అద్భుతాలు మొదలైన దగ్గర్నుంచీ ప్రతివారం ఆ కుప్ప అడుగున దాని ముక్క ఒకటి పడి ఉండేది. “ఎడమ చిటికెన వేలు.” ఇంకో వారం, “రుమాలు ముందే తడిసి ఉంది.” మరో వారం, “తల తిప్పినప్పుడు మార్చావు.” బాగుందన్న మాట లేదు, బాగాలేదన్న మాట లేదు. కిటుకు ఎక్కడ కనబడిపోయిందో అంతే. రెండు వారాలుగా దాని జాడ లేదు.

“మీ అద్భుతాలు మొదట్లో తియ్యగానే ఉండేవి పిన్నీ. తర్వాత తర్వాత, రాకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది గానీ వస్తే మాత్రం ఏమీ అనిపించేది కాదు. కుర్చీ రాసింది చదివితే ఒళ్ళు మండిపోయేది! ఈ వేలు కనబడిందా, వచ్చేవారం ఎలా కనబడుతుందో చూస్తానని పక్కలోంచి లేచి అద్దం ముందుకి పరుగెత్తేదాన్ని. ఒక్కసారి, ఒక్కసారి దానికి దొరక్కుండా చెయ్యాలి, అంతే నా కోరిక. అది కూడా మీరే అయితే చెప్పెయ్యమను. ఇప్పుడే హాలుకి ఫోను చేసి రానని చెప్పేస్తాను.”

“నా పిల్లమీద ఒట్టు, నాది కాదు!” అని అరిచింది అమ్మోగారు. “ఆ కుర్చీ కాళ్ళు విరిగిపోను! దాన్ని చూస్తేనే నాకు...” అని ఆగిపోయింది. మాట నోట్లో ఉండగానే కాజాలావిడ వైపు చూసింది. కాజాలావిడ దారం ఎక్కించిన సూదికే మళ్ళీ దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

“పిన్నీ! ఏం చేశారు?”

“నన్నడక్కు తల్లీ. నేను ఇటునుంచి అటు మాత్రమే.”

“పిన్నీ!”

కాజాలావిడకి దాచుకునే అలవాటు లేదు. “అక్కే అంది, వాడు పిల్ల మనసు విరిచేస్తున్నాడు, వాడి సంగతి చూడాలి అని. అందరం కలిసి చాటుగా, నువ్వు చూడకుండా, విడిగా వాడికి రాశాం. నీకేం పనిలేదా అని నేను. నీ కళ్ళలో కారం కొట్టాలని మిలిటరీ ఆయన. మీ నాన్న కూడా రాశాడు గానీ, మెత్తటి మనిషి కదా, దయచేసి వేరే బస్సు చూసుకోండి అన్నాడు.”

“ఎప్పుడు?”

“రెండు... రెండు వారాలు అవుతుందేమో.”

కూతురు గుడ్డపీలికల బస్తా మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అమ్మోగారికి అనిపించింది, కళ్ళు తుడవడమన్నా చేతనవుతుంది తనకి. “నన్ను నిజంగా చూసిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు పిన్నీ. ఆ ఒక్కర్నీ తరిమేశారు,” అంది నిదానంగా.

అమ్మోగారు ఆసరా కోసం మెదడమ్మాయి మీద పడింది. “చూడు, నువ్వే కదా అన్నావు! మెచ్చుకుంటే లోపల కదులుతుందని! కదలకపోగా ఇలా పడిపోయిందేం?”

“మీరు పాల కోసం లేచి వెళ్ళారు ఆంటీ,” అంది మెదడమ్మాయి జాలిగా. “నేను కాకపోతే అన్నాను. మీరు కాకపోతే దగ్గర వెళ్ళిపోయారు. ఆ చోటు పొగడ్తని తూకం వెయ్యదు. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎంతో చూస్తుంది. వస్తుందని ముందే తెలిసిన మెప్పు ఎంత వచ్చినా కుళాయిలో నీళ్ళొచ్చినట్టే, ఎవరూ ఎగిరి గంతెయ్యరు. రావలసింది రాకపోతే మాత్రం డీలాపడుతుంది. అనుకోనిది వస్తే ఉలిక్కిపడుతుంది. పైగా, అన్నది ఎవరు, ఆ మనిషి మనల్ని చూసే అన్నాడా అన్నది కూడా తేడా తెస్తుందనే మా వాళ్ళు అంటారు.”

“ఇదంతా పాలు పొంగకముందు చెప్పకూడదూ!”

“పాలు మీ పొయ్యి మీద ఉన్నాయి ఆంటీ, నా నోట్లో కాదు.”

అమ్మోగారు గదంతా కలియచూసింది. చూపు వదినగారి మీద ఆగింది. టికెట్టు లేనివాణ్ణి రైలుపెట్టెలో వాసన చూసి పట్టుకునేది అంటారు. ఆ కంటికి దొరకని చిటికెన వేలుంటుందా? “వదినగారూ,” అంది చేతులు జోడించి. “మీకు పుణ్యముంటుంది. కుర్చీ మీరేనా? మీరే అయితే ఒప్పేసుకోండి. మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటాను.”

“నేనా?” వదినగారు కుర్చీలోంచి లేచినంత పని చేసింది. “నాకు ఎవర్నైనా అనాలంటే మొహం లేదూ? ఇన్నేళ్ళలో ఒక్కమాట చాటుగా అన్నానా నిన్ను? నీ కూర బాగాలేకపోతే నీ వంటింట్లో నిలబడే చెప్పాను. నీ పెళ్ళిలో నీ అలంకారం బాగాలేదని నీ పెళ్ళిలోనే చెప్పాను. బొమ్మ చాటున దాక్కునే ఖర్మ నాకేం పట్టింది?”

ఆ మాట నిజమే. గదిలో ఎవరూ కాదనలేకపోయారు.

“నన్ను అడిగావు కదా, ఇప్పుడు నేనొకటి అడుగుతాను,” అంది వదినగారు, బోనులో ఉన్నవాళ్ళని మార్చేస్తూ. “నువ్వు చూశావా అసలు? ఆవేళ మీ ఇంట్లోనే ఈ పిల్ల తాడు కత్తిరించి అతికించే విద్య చేస్తుంటే, నా పక్కనే కూర్చుని దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నావు. అయిపోయాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నువ్వే. ఏం చూసి కొట్టావు?”

అమ్మోగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కూతురు తలెత్తింది. “నిజమా అని అడుగు పిన్నీ.”

కాజాలావిడ అడగలేదు. అక్కర్లేకపోయింది.

“వినేదాన్నే,” అంది అమ్మోగారు. “వీడియో మొదలవగానే కళ్ళు మూసుకునేదాన్ని. నాణెం జారి పడిపోతుందేమో, నలుగురూ నవ్వుతారేమో, నువ్వు ఏడుస్తావేమో... చూస్తూ ఎలా కూర్చోను? చివర్లో నువ్వు థాంక్యూ అంటావు కదా, అది వినగానే హమ్మయ్య అని కళ్ళు తెరిచి నొక్కేదాన్ని.”

“ఒక్కటి కూడా...?” కూతురు మధ్యలోనే ఆపేసింది. కాజాలావిడ వైపు కూడా చూడలేదు. ఫోను తీసి హాలు మేనేజరు నంబరు కోసం వెతకడం మొదలుపెట్టింది.

కాజాలావిడ పీటతో సహా అమ్మోగారి చెవి దగ్గరికి జరిగింది. “అక్కా! నా ఫోన్లో ఇంకో పేరు పడుతుంది. కుర్చీ బొమ్మ పెడదాం. ‘ఈసారి నాకు దొరకలేదు’ అని ఒక్క ముక్క కొడతాను. పిల్ల గంతులేస్తుంది. క్షణం పట్టదు.”

అమ్మోగారికి ప్రాణం లేచొచ్చింది. అవును కదా! ఒక్క ముక్క. పిల్ల నవ్వుతుంది, హాలుకి వెళ్తానంటుంది, రాత్రికి కడుపునిండా తింటుంది. కాజాలావిడ బొటనవేలు అప్పటికే ఫోను మీద ఊగుతోంది. ఊ అంటే చాలు.

బస్తా మీద పిల్ల ఎడమచెయ్యి అరచేయి కిందికి పెట్టి పడి ఉంది. అమ్మోగారు దానివైపు చూసింది.

“వద్దు,” అంది.

“ఏం, మాటలు బాగాలేవా? అద్భుతం అని చేర్చనా?”

“వద్దంటే వద్దే. లోపల పెట్టు ఆ ఫోను.”

అని, లేచి, వదినగారి కోటు గుండీల్లోంచి ఒక పెద్ద నల్లగుండీ ఏరి, వెళ్ళి కూతురి ముందు నిలబడింది. “ఒక్కసారి చెయ్యి. నా ముందు. నేను చూస్తాను.”

కూతురు గుండీని చూసింది గానీ తల్లిని చూడలేదు. “చేతకాదని చెప్పు పిన్నీ. మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది.”

“మూసుకోను. ఈ మెదడమ్మాయిని నా కళ్ళే చూస్తూ ఉండమను. మూసుకుంటే గిల్లమను.”

“నా కోటు గుండీ జాగ్రత్త,” అంది వదినగారు. “అలాంటిది ఇప్పుడు దొరకదు.”

కూతురు విసుగ్గా, వదిలించుకునేటట్టు, ఫోను బస్తా మీద పడేసి లేచి నిలబడి గుండీ అందుకుంది. అందుకోవడమే తరువాయి, వేళ్ళు వాటంతటవే కదిలాయి. గుండీ చూపుడువేలి మీంచి మధ్యవేలి మీదికి, అక్కణ్ణించి ఉంగరపువేలి మీదికి దొర్లింది. వారం రోజుల తర్వాత ఆ చేతికి ప్రాణం రావడం చూసి అమ్మోగారు ఇంకో అడుగు ముందుకేసింది.

చూడటమంటే ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసింది. రెప్పలు వాటంతటవే దిగిపోతున్నాయి. పడిపోతుందేమో. పడి మిషను కిందికి దొర్లిపోతుందేమో. వంగి వెతుకుతుంటే పిల్ల నుదురు బల్లకి కొట్టుకుంటుందేమో. వదినగారు గుండీ కోసం బంధుత్వం తెంచుకుంటుందేమో. అన్నీ వరసగా వచ్చి రెప్పల మీద కూర్చున్నాయి. అయినా ఆవిడ కళ్ళు నీళ్ళు కారుతున్నా తెరిచే ఉంచింది. మెదడమ్మాయికి గిల్లే పని తగల్లేదు.

కూతురు కుడిగుప్పెట్లో గుండీ వేసి మూసింది. ఎడమచేత్తో ఆ గుప్పిటి చుట్టూ గాలిలో ఒక చుట్టు చుట్టింది. కుడిచేతి మీదికి ఊదింది. ఒక్కో వేలూ తెరిచింది. ఖాళీ. ఎడమ అరచెయ్యి చూపించింది. అదీ ఖాళీ.

మెదడమ్మాయి నోరు తెరిచింది. “ఏదీ? ఎటు పోయింది?”

“అద్భుతం తల్...” అని అలవాటు కొద్దీ మొదలుపెట్టిన కాజాలావిడ నాలిక్కరుచుకుంది.

“నేను నా కోటునే చూస్తున్నాను,” అంది వదినగారు కొంచెం తొందరగా. దొరకలేదని ఒప్పుకోవడం ఆవిడ ఉద్యోగధర్మంలో లేదు.

కూతురు వాళ్ళెవరివైపూ తిరగలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ అంది: “కనబడిందేమో అడుగు పిన్నీ.”

కాజాలావిడ ఈసారీ మాట మోయలేదు, సూదిని పక్కన పెట్టింది.

కనబడింది. అదీ వచ్చిన చిక్కు. గాలిలో చుట్టు చుట్టినప్పుడు గుండీ ఎటు జారిందో అమ్మోగారికి పట్టపగలులా కనబడింది. కళ్ళు మూసుకున్న ఇన్నాళ్ళూ ఏ గొడవా లేదు. తెరిచిన మొదటి రోజే ఈ పరీక్ష.

కనబడలేదు అంటే పోతుంది కదా! “అద్భుతం” అన్న మాట నాలిక చివరికొచ్చి కూర్చుంది, తోస్తే దూకడానికి. కనబడింది అంటే? ఉన్న ఆ కాస్త ఊపిరీ తీసేసినట్టవుతుందేమో. గుండీ నేలకేసి కొట్టి మేడెక్కుతుందేమో. రేకుపెట్టె పాతసామాన్లవాడికి వేసేస్తుందేమో. ఈ జన్మలో ఉప్పు ఇంక భర్త చేతులమీదుగానే అందుకోవాలేమో. భయాల్లో ఏదీ చిన్నది కాదు. అన్నిట్నీ ఒక్కొక్కటే చూసింది. చూసి, మిషను అంచు గట్టిగా పట్టుకుంది.

“కనబడిందే,” అంది.

మెదడమ్మాయి ఊపిరి బిగబట్టింది. “అయ్యో అక్కా,” అంది కాజాలావిడ, కుట్టు పాడైపోయినప్పుడు అన్నట్టు.

కూతురు కదల్లేదు. కిటికీవైపే చూస్తోంది. వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ వీపు కోపంగా ఉందో, ఏడుస్తోందో, కన్నతల్లికి కూడా అంతుపట్టలేదు.

బస్తా మీద ఫోను మోగింది. తెర మీద హాలు మేనేజరు పేరు. మోగుతూ మోగుతూ ఫోను బస్తా మీదినుంచి అంచుదాకా జరిగింది. “ఎత్తండే ఎవరైనా!” అంది వదినగారు. ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన మనిషి వెనక్కి తిరగలేదు. మోగినంతసేపు మోగి, ఫోను ఆగిపోయింది.

అమ్మోగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. అయిపోయింది. ఒక్క నిజం చెప్పి పిల్ల బతుకు నాశనం చేశాను. ఈ నోరు పడిపోను. ఈ కళ్ళు...

కూతురు మెల్లగా ఇటు తిరిగింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఒళ్ళు మండినప్పుడు మాత్రమే పడే ముడి అది. అమ్మోగారు బిక్కచచ్చిపోయి రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు కనబడింది ఆవిడకి, పిల్ల చేతిలో గుండీ ఎప్పుడొచ్చిందో వచ్చి, వేళ్ళ మీద దొర్లుతోంది. వేగంగా. చాలా వేగంగా.

కూతురు కాజాలావిడ వైపు చూడలేదు. వారం తర్వాత మొదటిసారి సూటిగా తల్లి కళ్ళలోకి చూసింది.

“ఎక్కడమ్మా?” అంది.